ఆరో నకలు

జహీరాబాద్ తసీలాఫీసు ముందు రేకుల పందిరి కింద ఇరవై రెండేళ్లు దరఖాస్తులు రాశాను. ఆ ఆఫీసు పేరు మండలాఫీసుగా మారి చాలా కాలమైంది గాని మా దగ్గర ఎవరూ అట్లా పిలవలేదు, నేనూ పిలవను. నా పేరు బస్వరాజ్. మాది న్యాల్‌కల్ దిక్కు. ఇంట్లో కన్నడం, బడిలో ఉర్దూ, బజార్లో తెలుగు, పొట్టకూటికి ఇంగ్లీషు. ఈ చదువంతా ఒక పాత టైపు మిషన్ మీద కొట్టి బతికాను. గొప్పలు చెప్పుకుంటున్నాడనుకుంటే అనుకోండి, ఝరాసంగం నుంచి కోహీర్ దాకా నా చేతి దరఖాస్తు వచ్చిందంటే భూముల లెక్కలు చూసే గిర్దావర్లు కుర్చీలో సర్దుకుని కూర్చునేవాళ్లు.

ఎందుకో చెప్తాను. దరఖాస్తులో ఏడుపు ఎవరైనా రాస్తారు. పని చేసేది ఏడుపు కాదు, కింద ఉండే నకళ్ల జాబితా. కలెక్టరుకొకటి, మంత్రికొకటి, చిట్టచివర ఎవరి మీద ఫిర్యాదో ఆ మనిషికే ఒకటి. ఇది నా గురువు నేర్పిన పద్ధతి. ఒకసారి నాగవ్వ అనే ముసలామె చేను గట్టును పక్కవాడు దున్ని కలుపుకున్నాడు. కలెక్టరుకు పంపిన కాగితం ఇంకా కవరులోనే ఉంది, నకలు అందుకున్న ఆ పక్కవాడు మాత్రం మర్నాడే వచ్చి గట్టు మళ్లీ పోశాడు. తన పేరు పైకి పోయిందని, చూసిన సాక్షి ఉన్నాడని తెలిస్తే చాలు, దొంగకు చలి జ్వరం వస్తుంది. అందుకే సాక్షి పేరు లేని దరఖాస్తు నేను రాసేవాణ్ణి కాదు. ప్రతిదాని కింద "రాసినవారు: బస్వరాజ్, జహీరాబాద్" అని కొట్టి సంతకం పెట్టేవాణ్ణి. ఆ ఒక్క వరుస ఒకే ఒక్క దరఖాస్తులో వదిలేశాను. ఎనభై ఎనిమిదో సంవత్సరం, డిసెంబరు రెండో తారీఖు, శుక్రవారం.

దీపావళి పోయిన వారానికి మా ఊళ్లో స్వెటర్లవాళ్లు దిగేవాళ్లు. ఊరంతా వాళ్లను నేపాలోళ్లు అనేది. నిజానికి వాళ్లు టిబెట్ వాళ్లు. కర్ణాటకలో ముండగోడు దగ్గర సర్కారు ఇచ్చిన భూమిలో మక్కజొన్న పండించుకుంటూ, చలికాలం మాత్రం ఉన్ని బట్టల మూటలతో ఊళ్లు పడతారు. వాళ్లలో దోల్కర్ అనే ఆమె నా పందిరి గుంజకే తాడు కట్టి స్వెటర్లు వేలాడదీసేది. అది ఆమెకు మా ఊళ్లో ఎనిమిదో చలికాలం. నలభై నిండని మనిషి. కన్నడం నాకంటే బాగా మాట్లాడేది, మా తెలుగు బేరాల్లో నేర్చుకుంది. నన్ను అన్నా అనేది.

ఆ శుక్రవారం పొద్దున గిరాకీ లేని వేళ చూసి నా బల్ల దగ్గరికి వచ్చింది.

"అన్నా, ఒక దరఖాస్తు రాయాలె. ఈడున్న ఆఫీసుకు కాదు. పెద్ద దేశాలకు."

"పెద్ద దేశాల గిర్దావర్ ఎవరో నాకు ఎరుక లేదు చెల్లె" అని నవ్వాను.

ఆమె నవ్వలేదు. అటూ ఇటూ చూసి బల్ల పక్కన నేల మీద కూర్చుంది. తొమ్మిదేళ్ల వయసులో తండ్రి చెయ్యి పట్టుకుని మంచు కొండలు దాటి ఈ దేశం వచ్చిందట. మూడేళ్ల తమ్ముడు ఆ మంచు దాటలేడని లాసాలో పిన్ని దగ్గర వదిలేసి వచ్చారు. తెన్‌పా అతని పేరు. పెద్దయి సన్యాసి అయ్యాడు. ఆ సంవత్సరం మార్చిలో లాసా వీధుల్లో జనం మా దేశం మాకు కావాలని అరిస్తే, అరిచినవాళ్లలో అతనూ ఉన్నాడు. చైనా పోలీసులు పట్టుకుపోయారు.

"మా పెద్దలు గూడ రాస్తున్నరు. వందల మందిని పట్టిన్రు, కొట్టిన్రు అని రాస్తరు. అండ్ల మా తమ్ముని పేరు ఉండదు. పేరు పెట్టి రాయాలె అన్నా. పేరు ఉంటెనే ఎవరన్న అడుగుతరు."

ఈ మాట నాకు నచ్చింది. ఇది నా శాస్త్రమే. రాస్తానని మాట ఇచ్చాను.

"బతికున్నట్టు ఎట్ల ఎరుక?"

"వారానికొకసారి జైలు తలుపు కాడ పిండి సంచి ఇస్తరు. వేంచిన పిండి. సంచి లోపలికి తీస్కుంటె మనిషి ఉన్నట్టు. వాపస్ ఇస్తె లేనట్టు. ఇప్పటిదాంక తీస్కుంటున్నరు. మొన్న ఒకసారి లారీల ఎక్కిస్తుంటె కనబడ్డడట. కుడి చెయ్యి ఏలాడుతున్నదట."

"ఎవరు చూసిన్రు?"

"మా పిన్ని. ఛోజోమ్. సంచి తీస్కపోయేది ఆమెనే. ఊలు కొనడానికి వచ్చిన నేపాల్ సావుకారికి చెవుల చెప్పింది. నోటికి నోటికి మా దాంక వచ్చింది."

చేతి అలవాటు మాటకంటే ముందు నడుస్తుంది. ఛోజోమ్, లాసా అని పక్క కాగితం మీద రాసుకున్నాను. ఆ పేరు రాయొద్దని ఆమె నాతో చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉందని ఆమెకు తోచి ఉండదు. వాళ్ల దగ్గర ఆ పని ఎవడూ చెయ్యడు.

అంతలో మాణిక్ వచ్చాడు. మా ఠాణా జవాను. టిబెట్ వాళ్లందరి దగ్గర ఒక చిన్న పుస్తకం ఉంటుంది. అందులో ఠాణా ముద్ర లేకుండా వాళ్లు పరాయి ఊళ్లో ఉండకూడదు. మాణిక్ ఆమె పుస్తకం తిప్పి చూసి నిలబడే మాట్లాడాడు.

"ఈ నెల ప్రధానమంత్రి చైనాకు పోతున్నడు. మీవోళ్లు ఏం లొల్లి జేయొద్దని మీదికెళ్లి చెప్పిన్రు. స్వెటర్లు అమ్ముకో, ఇంటికి వో. గంతే."

"అట్లనే సాబ్" అన్నది దోల్కర్, తల వంచుకుని.

అతను పోయిన తర్వాత పక్క కాగితాన్ని మిషన్ కిందికి తోశాను. నేను గిర్దావర్లతో తగాదా పడ్డవాణ్ణి గాని దేశాలతో పడ్డవాణ్ణి కాదు. అయినా మాట ఇచ్చాను కాబట్టి రాశాను. మంచిగా రాశాను. ఒకటి మన ఢిల్లీ సర్కారుకు, ఒక్కోటి చొప్పున నాలుగు పెద్ద దేశాల ఎంబసీలకు. ఆ దేశాల పేర్లు ఇక్కడ చెప్పను, పేర్లు చెప్పే సరదా నాకు తీరిపోయింది. చిట్టచివరన, నా పద్ధతి ప్రకారం, ఆరో నకలు చైనా ఎంబసీకి. కార్బన్ కింద ఆరోది మసకగా వస్తుందని దాన్ని విడిగా, కొత్త రిబ్బన్ వేసి కొట్టాను. ఫిర్యాదు ఎవరి మీదో వాళ్లకు అక్షరం స్పష్టంగా కనబడాలి కదా. సాక్షి: ఛోజోమ్, లాసా నివాసి, ప్రతి వారం జైలుకు పిండి తీసుకుపోవు వ్యక్తి.

రాసినవారు అనే వరుస దగ్గర నా వేళ్లు ఆగాయి. మాణిక్ మాట గుర్తొచ్చింది. కాగితం లాగేశాను.

స్వెటర్ల దగ్గర జనం ఉన్నారని పోస్టాఫీసుకు నేనే పోయి ఆరు కవర్లూ రిజిస్టరు చేశాను. అందినట్టు సంతకం చేసి పంపే రసీదు కార్డులు కూడా జత చేయించాను. పంపినవారి పేరు దోల్కర్ అని రాశాను.

మర్నాడు మధ్యాహ్నం దరఖాస్తు తెలుగులో చదివి వినిపించాను. ఆమె స్వెటర్ మడతపెడుతూ వింటున్నది. చివరికొచ్చి నకళ్ల జాబితా చదివేసరికి ఆ మడత అట్లాగే ఆగిపోయింది.

"ఆళ్లకు గూడ పంపినవా?"

"పంపకపోతె ఎట్ల? నకలు అందితెనే భయం వుడుతది."

"పిన్ని పేరు?"

"సాక్షి లేంది దరఖాస్తు ఎట్లయితది చెల్లె?"

ఆమె అరవలేదు. తిట్టలేదు. తిడితే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. మడతపెట్టిన స్వెటర్ ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుంది.

"ఇంక పిండి సంచి ఎవరు తీస్కపోతరు అన్నా?"

అప్పుడు అర్థమైంది నాకు. గట్టు జరిపిన పక్కవాడికి నా నకలు అంటే భయం, ఎందుకంటే వాడి మీద ఠాణా ఉంది, కోర్టు ఉంది. ఠాణా, కోర్టు, జైలు అన్నీ తానే అయినవాడికి నకలు పంపితే సాక్షిని నా చేత్తో పట్టి ఇచ్చినట్టే. ఛోజోమ్‌ను తీసుకుపోతే తెన్‌పా బతికున్నాడో లేదో ఇక ఈ లోకంలో ఎవరికీ తెలియదు. ఇన్నేళ్ల నా తెలివి అంతా ఒక్క నిమిషంలో బూడిదైంది.

ఇద్దరం పోస్టాఫీసుకు పరుగెత్తాం. పోస్టుమాస్టరు రామ్‌కిషన్ నాకు పాతికేళ్ల స్నేహితుడు. మా మాట విని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"టపా సంచి నిన్న సాయంత్రం బస్సులనే పోయింది బస్వరాజ్. ఈపాటికి ఢిల్లీ రైల్ల ఉంటది."

"వాపస్ తెప్పియ్యలేవా?"

"రూలయితె ఉన్నది. పంపినోళ్లు దరఖాస్తు ఇయ్యాలె. మా పెద్ద ఆఫీసు మంజూరు జేస్తె ఢిల్లీకి టెలిగ్రాం తార్ కొడత. ఇయ్యాల శనివారం, రేపు ఆదివారం. తార్ సోమవారమే. కవరు ఇయ్యకముందు తార్ అందితె కవరు వాపస్ వస్తది. ఇచ్చినంక అందితె రసీదు కార్డు వస్తది. రెండిట్ల ఏదో ఒకటి."

దరఖాస్తు నేనే రాశాను. కారణం అనే చోట "సాక్షికి ప్రాణభయం" అని మొదలుపెట్టబోతే రామ్‌కిషన్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"జర ఆగు. ఆ కారణం గూడ ఎవరో ఒకరు చదువుతరు. అడ్రసు తప్పు అని రాయి."

అంత భయం నేను పాతికేళ్లలో ఆయన గొంతులో వినలేదు. అడ్రసు తప్పు అని రాశాను. దోల్కర్ తన లిపిలో సంతకం పెట్టింది.

తర్వాతి రోజులు ఎట్లా గడిచాయో చెప్పడం కష్టం. పోస్ట్‌మ్యాన్ సైకిలు గంట మోగితే చాలు, తాడు మీది స్వెటర్ల సందులోంచి ఆమె తల కనబడేది. కవరా, కార్డా? అతను దగ్గరికి వచ్చేదాకా ఇద్దరం అతని చేతుల వైపే చూసేవాళ్లం. కార్డులు ఒక్కొక్కటి వచ్చాయి. ఒక దేశం, ఇంకో దేశం, మన ఢిల్లీ సర్కారు, మిగిలిన రెండు. మొత్తం ఐదు. ఆరోది మాత్రం ఇటూ కాలేదు, అటూ కాలేదు.

తర్వాత జవాబులు రావడం మొదలైంది. నున్నటి దళసరి కాగితం, పైన బంగారు రంగు ముద్ర. మా కలెక్టరాఫీసు కాగితం దీని ముందు పకోడీ పొట్లమే. "మీ లేఖలోని విషయాలను మేము ఆందోళనతో గమనించాము" అని ఒకరు. "ఈ అంశాన్ని తగిన సమయంలో తగిన స్థాయిలో ప్రస్తావించగలము" అని ఇంకొకరు. "ఆ ప్రాంతంపై చైనా అధికారాన్ని మేము గుర్తిస్తూనే, సంయమనం పాటించవలసిందిగా అందరినీ కోరుతున్నాము" అని మరొకరు. నాలుగో వాళ్లు రాసింది రెండే వరుసలు. మన సర్కారు నుంచి కార్డు తప్ప ఏమీ రాలేదు.

ఒక్కొక్కటి చదివి తెలుగులో చెప్తుంటే దోల్కర్ అడిగింది, "అందర్ని అంటె? తమ్ముణ్ణి గూడ సంయమనం చెయ్యమన్నరా?"

నాకు సిగ్గేసింది, ఆ ఉత్తరం నేను రాసినట్టు. నిజానికి ఆ భాష నాకు కొత్త కాదు. ఇన్నేళ్లూ మా ఆఫీసుల నుంచి వచ్చిన జవాబులు ఇవే. గమనించబడింది, పరిశీలనలో ఉన్నది, పై స్థాయికి పంపబడింది. తగిన స్థాయి అనే మాట వచ్చిందంటే ఆ కాగితం బీరువాలోకి పోయిందని అర్థం. పెద్ద దేశాల గిర్దావర్లు కూడా గిర్దావర్లే.

ఒక బుధవారం మాణిక్ మళ్లీ వచ్చాడు. ఈసారి సైకిలు స్టాండు వేసి, నా బల్ల ఎదుట కూర్చున్నాడు.

"ఈడికెళ్లి ఎవడో ఢిల్లీకి ఇంగ్లీషుల కాగితాలు పంపిండట. మీదికెళ్లి ఫోన్ వచ్చింది. కింద రాసినోని పేరు లేదట. బస్వరాజ్ అయితె పేరు రాయకుంట ఉండడు, ఆయన కాదని నేనే చెప్పిన. నిజమేనా?"

"అవు, నేను పేరు రాయకుంట ఉండను" అన్నాను.

అతను దోల్కర్ వైపు తిరిగాడు. "నీ పేరు మీద పోయినయ్. ఎవరు రాసిచ్చిన్రు?"

ఆమె నా వైపు చూడలేదు. స్వెటర్ మీది దుమ్ము దులుపుతూ చెప్పింది. "హైదరాబాద్‌ల బస్టాండ్ కాడ ఒకాయన. పేరు తెల్వదు సాబ్."

"పోస్టయితె ఈన్నే అయినయ్ గదా?"

"తెచ్చి నేనే ఏసిన."

మాణిక్ చెయ్యి చాపాడు. "పుస్తకం ఇయ్యి. ఠాణల ఉంటది. ఊరు పోయే రోజు వచ్చి తీస్కో, అది గూడ సాబ్ ఇయ్యమంటెనే."

ఇచ్చేసింది. ఆ పుస్తకం లేకుండా ఆమె బస్సెక్కలేదు, ఎక్కితే ఎక్కడైనా దింపి లోపల వెయ్యొచ్చు. ఆమె పిన్ని పేరు నేను ఊరూరా పంచాను. నా పేరు ఆమె గొంతు దాటనివ్వలేదు. నా బతుకులో అంత నీచంగా నాకు నేను ఎప్పుడూ కనబడలేదు.

ఆ తర్వాతి మంగళవారం, ఇరవయ్యో తారీఖు, ఆరో కార్డు వచ్చింది. దోల్కర్ చాయ్ తాగడానికి పోయిన సమయంలో పోస్ట్‌మ్యాన్ నా బల్ల మీద వేసి పోయాడు. ఎర్ర సిరా ముద్ర, దాని మీద ఒక పొట్టి సంతకం. తారీఖు డిసెంబరు ఐదు, సోమవారం. మా తార్ పోయింది కూడా ఆ రోజే.

కార్డు జేబులో వేసుకున్నాను. ఆ రోజు రేడియోలో పొద్దుటి నుంచి ప్రధానమంత్రి చైనా పర్యటన సంగతే. చాయ్ దుకాణంలో అందరూ మంచిదే, ఇంక లడాయి ఉండదు అనుకుంటున్నారు. మంచిదే కావచ్చు. నా జేబులో కార్డు మాత్రం కాలుతున్న పెనంలాగా ఉంది. చెప్పకపోతే ఏమవుతుంది? ఇంకో నెలలో ఆమె వెళ్లిపోతుంది. కవరు తిరిగొచ్చింది, చింపేశానని చెప్తే సంతోషంగా పోతుంది. నాలుగు గంటల దాకా ఆ అబద్ధాన్ని మనసులో మూడుసార్లు టైపు కొట్టాను. కాని ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి, "ఇయ్యాల గూడ ఏం రాలేదా అన్నా?" అని అడిగేసరికి నా చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది.

ఆమె కార్డును రెండు చేతులతో పట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"పెద్ద దేశాల జవాబులల్ల పిన్ని పేరు ఉన్నదా?"

"లేదు."

"తమ్మునిది?"

"ఒక్కదాంట్ల ఉన్నది. మిగతావాట్ల సదరు వ్యక్తి అని రాసిన్రు."

"అయితె పిన్ని పేరు యాది పెట్టుకునేటోళ్లు ఈళ్లు ఒక్కరే." కార్డు చూపించింది. "మళ్ల రాయి అన్నా. ఈసారి పిన్ని గురించే రాయి. ఛోజోమ్, అరవై రెండేండ్లు, జైలుకు పిండి తీస్కపోయే మనిషి, ఇప్పుడు యాడ ఉన్నదో చూపియ్యమని. ఆ నలుగురికే కాదు, ఎన్ని దేశాలుంటె అన్నిటికి. పేపర్లకు గూడ. అడిగెటోళ్లు లేకుంటె అసలు ఆమె పుట్టనే లేదంటరు."

"మాణిక్ పుస్తకం ఇయ్యడు చెల్లె. నిన్ను లోపల ఏస్తరు. నన్ను గూడ ఏస్తరు. నాకు భయమైతున్నది."

"నాకు గూడ అయితున్నది" అన్నది ఆమె.

మిషన్‌లోకి కాగితం ఎక్కించాను. పదకొండు నకళ్లు అయ్యాయి. పన్నెండోది చైనా ఎంబసీదా అని అడగడానికి నోరు రాక ఆమె ముఖం చూశాను.

"ఆళ్లకు గూడ" అన్నది. "మేము అడుగుతున్నమని తెల్వాలె."

ఎదురుగా చాయ్ దుకాణం ముందు మాణిక్ సైకిలు ఆగింది. అతను గ్లాసు పట్టుకుని మా వైపే చూస్తున్నాడు. నా మిషన్ చప్పుడు అక్కడిదాకా వినబడుతుంది, నాకు తెలుసు. ఆఖరి వరుసకు వచ్చాను. ఒక అక్షరం బదులు ఇంకోటి పడింది, రబ్బరు పెట్టి చెరిపి మళ్లీ కొట్టాను. రాసినవారు: బస్వరాజ్, జహీరాబాద్. పన్నెండింటి మీదా సంతకం పెట్టాను.

పోస్టాఫీసు మూసే వేళకు చేరాం. రామ్‌కిషన్ కవర్లు ఒక్కొక్కటి తిప్పి చూసి, చివరి దాని మీది చిరునామా దగ్గర ఆగాడు. నా ముఖం చూశాడు. మా వెనకే వచ్చి తలుపు బయట నిలబడ్డ మాణిక్‌ను చూశాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"పంపినోళ్ల పేరు ఏం రాయమంటవ్?"

దోల్కర్ చెప్పబోయింది. నేను ఆమెకంటే ముందే చెప్పాను.

"బస్వరాజ్. తసీలాఫీసు ముందు, జహీరాబాద్."

రామ్‌కిషన్ ఇంకేమీ అడగకుండా ముద్ర కొట్టాడు. రసీదు కార్డులు ఈసారి నా పేరు మీద వస్తాయి. మర్నాటి నుంచి సైకిలు గంట వినబడినప్పుడల్లా నా చేతులు మిషన్ మీద ఆగిపోయేవి.